కొత్త ఇనుముకు బొట్టు

ఆ వేళ తెల్లవారేసరికి ఆకాశం ఈనలేక నిలబడిపోయిన గేదెలా ఉంది. షేక్‌పేట మీద మబ్బు పొట్ట వేలాడేసుకుని కదలకుండా నిలుచుంది. చినుకు రాలదు, ఆకు కదలదు. ఫ్లైఓవర్ కింద పావురాలు కూడా ఎగరడం మాని దిమ్మెల మీద ముడుచుకున్నాయి.

అంతోని షెడ్డు షట్టరు ఎత్తి కాసేపు పైకే చూశాడు. వాన పడితే బాగుండుననుకున్నాడు. వాన పడితే షూటింగు ఆగుతుంది. షూటింగు ఆగితే ఒక రోజు కలిసొస్తుంది. కొత్తగా వేసిన బ్రేకులకు ఒక రోజంటే మాటలు కాదు.

లోపల నాలుగు స్టాండ్ల మీద కారు నిలబడి ఉంది. తొంభైల నాటి జపాను బండి. రెండే తలుపులు, మూతి నేలకు వంచుకుని ఉంటుంది. నిర్మాత సుబ్బరామయ్యగారు బతికుండగా ముచ్చటపడి ఓడలో తెప్పించుకున్నది. ఆయన పోయాక ఫిల్మ్‌నగర్ ఇంట్లో గుడ్డ కప్పుకుని ఏళ్ళ తరబడి పడుకుంది. ఇప్పుడు మనవడు సాయిశ్రీనివాస్ తాత పేరు నిలబెడతానని మొదటి సినిమా మొదలెట్టాడు. అందులో కథానాయిక నడిపే బండి ఇదే కావాలన్నాడు.

కథానాయిక ముఖం మాత్రమే చూపిస్తుంది. బండి నడిపేది జెరూష. అంతోని కూతురు.

జూబ్లీహిల్స్ కొండవాలులో కట్టుబడి సగంలో ఆగిన బంగళా ఒకటుంది. దానికి సొంత రోడ్డు. పైనుంచి జారుడుబల్లలా దిగి, అడుగున రాతిగోడ దగ్గర ముగుస్తుంది. గోడ ముందు కెమెరా, కెమెరా చుట్టూ మనుషులు. జెరూష పైనుంచి దూసుకొచ్చి, కెమెరాకు బారెడు దూరంలో బండిని కట్టేసినట్టు ఆపాలి. పాత బ్రేకులతో అది అయ్యే పని కాదు. రెండుసార్లు గట్టిగా తొక్కితే చక్రాలతో పాటు తిరిగే ఆ చిన్న డిస్కులు వేడెక్కి చేతులెత్తేస్తాయి. పెద్ద డిస్కులు వెయ్యాలంటే చక్రం బిగించే పాత హబ్బులకు పట్టవు. అందుకని నాలుగు బోల్టుల హబ్బులు ఊడదీసి, అయిదు బోల్టులవి తెప్పించి బిగించాడు అంతోని. వాటి మీద పళ్ళేలంత డిస్కులు, వాటిని రెండు పక్కలా పట్టుకునే కొత్త ప్యాడ్లు. సామాను చెక్కపెట్టెల్లో జపాను నుంచి వచ్చింది. మళ్ళీ కావాలంటే మళ్ళీ ఓడ ఎక్కి రావాలి.

ఆ పొద్దున మిగిలింది బ్రేకు గొట్టాల్లో గాలి తీయడం. జెరూష సీట్లో కూర్చుంది. అంతోని చక్రం లేని హబ్బు పక్కన చతికిలబడ్డాడు.

“తొక్కు.”

“తొక్కా.”

“పట్టుకో. ఆఁ, వదులు. మళ్ళీ తొక్కు.”

“నాన్నా, చర్చిలో కోరస్ నేర్పినట్టు నేర్పుతున్నావు. నా కాళ్ళు పెడలుకు అందిన దగ్గర్నుంచీ ఇదే పల్లవి.”

“మాట్లాడకుండా తొక్కు.”

“నా మొదటి పెద్ద షాటు రోజైనా ఓ నవ్వు నవ్వచ్చుగా? అమ్మతో చెప్తా, మీ ఆయన మొహానికి గ్రీజు పెట్టమని.”

సన్నగొట్టంలో బుడగలు తగ్గుతూ వచ్చి, చివరికి బ్రేకు ఆయిలు తీగలా సాగింది. ఒక చుక్క జారి డిస్కు మీద పడబోతే అంతోని అరచెయ్యి అడ్డం పెట్టాడు. గొట్టంలో ఉండాల్సింది గొట్టంలోనే ఉండాలి. డిస్కు మీద ఆయన వేలిముద్ర కూడా పడనివ్వడు.

“గాలి పోయింది నాన్నా. రాయిలా ఉంది పెడలు,” అంది జెరూష. మేకప్‌కు వేళైందని స్కూటీ తీసుకుని వెళ్ళిపోయింది.

అంతోని థిన్నరుతో నాలుగు డిస్కులూ మరోసారి కడిగాడు. ఇక చక్రాలు బిగించి, బండిని అరపూట రోడ్డు మీద తిప్పాలి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి తొక్కుతూ పోతే కొత్త ప్యాడూ కొత్త డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. అప్పుడు గానీ పట్టు రాదు. ఆ మాట సాయిశ్రీనివాస్‌తో ముందే చెప్పాడు. అలాగే అన్నాడతను.

చక్రం చేతిలోకి తీసుకుంటుండగా షెడ్డు ముందు కారాగింది. సాయిశ్రీనివాస్ చెవి దగ్గర ఫోనుతో దిగాడు. వెనక తలుపు తీసుకుని శేషారత్నమ్మగారు దిగారు. సుబ్బరామయ్యగారి భార్య. ఎనభై దగ్గర పడ్డా నడుం వంగలేదు. చేతిలో ఇత్తడి పళ్ళెం.

“ఏం అంతోనీ, మావారి బండికి కొత్త కాళ్ళు పెట్టావటగా?”

“రండమ్మగారూ.” స్టూలు తుడిచి వేశాడు. “కాళ్ళు పాతవేనమ్మా. మోకాళ్ళు మార్చాను.”

ఆవిడ నవ్వారు. “ఏదైతేనేం, కొత్త ఇనుమేగా. మా ఇంట్లో కత్తిపీట కొన్నా బొట్టు పెట్టకుండా వాడం. ఆంజనేయస్వామి సిందూరం తెచ్చాను. పంతులుగారు పొద్దున్నే నువ్వుల నూనెలో కలిపిచ్చారు.”

నూనె అన్న మాటకు అంతోని చేతిలో చక్రం ఆగింది.

చెప్పాల్సింది ఒక్క ముక్క. అక్కడొద్దమ్మా, బానెట్టు మీద పెట్టండి. అంతే. నోటి దాకా వచ్చింది కూడా. వచ్చి ఆగిపోయింది. ఎప్పుడో ఒక దసరాకి, ఓ పాత ఖాతాదారు బండికి పూజ చేయిస్తుంటే, కర్పూరం పెట్రోలు డబ్బాకు దూరంగా పెట్టండన్నాడు అంతోని. అతను ఒకలా చూసి, “మీవాళ్ళకి గిట్టదని చెప్పొచ్చుగా, డబ్బా సాకెందుకు?” అన్నాడు. మళ్ళీ షెడ్డు మెట్టెక్కలేదు. ఆ మాట డ్రైవర్ల నోళ్ళలో పడి మధురానగర్ దాకా పోయింది. అప్పట్నించీ ఎవరైనా పళ్ళెం పట్టుకొస్తే అంతోని నోరు కట్టేసుకుంటాడు. చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు.

ఇప్పుడూ అలాగే నిలబడ్డాడు.

శేషారత్నమ్మగారు ఉంగరపు వేలు సిందూరంలో ముంచారు. అద్దంలా మెరుస్తున్న డిస్కు మీద ముద్దగా ఒక బొట్టు పెట్టి, కిందికి నామంలా లాగారు. నూనె మెరిసింది. రెండో దానికి, మూడో దానికి. వెనకవైపు వంగడం కష్టమైతే మనవడి భుజం పట్టుకుని మరీ వంగారు.

“నాన్నమ్మా, ముందువి చాలుగా.”

“చాలవురా. ఒకదానికి పెట్టి ఒకదానికి మానతామా?”

ఆవిడ వెళ్ళగానే తుడిచేద్దామనుకున్నాడు అంతోని. ఆవిడ వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారు. “బిగించు నాయనా, చూసి వెళ్తాను. ఆయన కూడా ఇలాగే కూర్చుని చూసేవారు నీ పని.”

అంతోని బల్ల మీద గుడ్డ అందుకున్నాడు.

“అయ్యో, తుడిచేస్తావా ఏంటి?”

“లేదమ్మా. చేతులు తుడుచుకుంటున్నా.” శుభ్రంగా ఉన్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

“అంతోనిగారూ, త్వరగా,” అన్నాడు సాయిశ్రీనివాస్ ఫోను దించి. “వర్జ్యం వచ్చేలోపు క్లాప్ కొట్టేయాలి. బండి నేరుగా లొకేషన్‌కి తెచ్చేయండి.”

“బాబూ, అరపూట తిప్పాలన్నాను గదా.”

“కొండెక్కేటప్పుడు తిరుగుతుందిగా అండీ!”

అంతోని చక్రం ఎక్కించడానికి హబ్బు కాస్త తిప్పాడు. బొట్టు ఎర్రగా గీతలా సాగి ప్యాడ్ల సందులోకి వెళ్ళిపోయింది.

*

ఫిల్మ్‌నగర్ వైపు ఎత్తెక్కి దిగే చోట ముందు ఆటో ఒకటి ఆగింది. అంతోని బ్రేకు తొక్కాడు. పెడలు రాయిలా గట్టిగానే ఉంది. బండి మాత్రం ఆగకుండా ఇంకా జారింది. అరికాలు మంటపుట్టేలా నొక్కితే, కొంచెం ఎడమకు లాగి, ఆటో బంపరుకు జానెడు దూరంలో ఆగింది.

ఆటోవాడు తల బయట పెట్టాడు. “ఏం కాకా, గంత మంచి కారు కొన్నవ్, బ్రేకులు ఇంట్ల మర్చిపొయినవా?”

అంతోని ఆటో పక్కనుంచి తప్పించుకుని ముందుకు పోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కిటికీ దించితే కొండెక్కే గాలిలో సన్నగా నువ్వుల వాసన. ప్యాడ్లు నూనె తాగాయి. ఈ కాస్త దిగుడులో ఎద్దు నడకన వస్తేనే ఇలా ఉంది. ఆ వాలులో వేగంగా దిగొస్తే?

సామాను విప్పి కడగొచ్చు. దానికి రెండు గంటలైనా పడుతుంది. విప్పితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి.

లొకేషన్లో అప్పటికే జనం. రోడ్డు అడుగున గోడకు ఆనించి కెమెరా, దాని పక్కన గొడుగు కింద కుర్చీ. కుర్చీలో శేషారత్నమ్మగారు. ఫైట్ మాస్టరు వెంకటనర్సయ్య ఎదురొచ్చి బండి చుట్టూ తిరిగాడు. సిద్దిపేట వైపు మనిషి, మెడలో ఈల.

“ఎట్లుందన్నా మన గుర్రం?”

“పట్టు కుదరాలి మాస్టరూ. కాసేపు తిప్పితే...”

“పైకి రెండు చక్కర్లు కొట్టిస్త తియ్యి. టైమ్ లేదు. ఆ పిలగాడు వర్జ్యం వర్జ్యమని నా పానం తింటుండు.”

జెరూష వచ్చింది. కథానాయిక ఎర్ర జాకెట్టు, పొడుగాటి విగ్గు. పోల్చుకోవడానికి అంతోనికి ఒక క్షణం పట్టింది.

“ఎలా ఉన్నా? హీరోయిన్‌లా ఉన్నానా, హీరోయిన్ వాళ్ళ అక్కలా ఉన్నానా?” అంటూనే సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. అద్దాలు సర్దుకుంది. నవ్వు ఆపి అడిగింది. “నాన్నా, పెడలు గట్టిగుందా?”

“గట్టిగుంది,” అన్నాడు అంతోని.

అబద్ధం కాదు. ఆ మాట పట్టుకునే బండి కదిలేదాకా నిలబడగలిగాడు.

బండి మెల్లగా పైకి ఎక్కసాగింది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? అంతోని గోడ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే రోడ్డు తన మీదికే పడబోతున్నట్టుంది. కెమెరా కుర్రాళ్ళు ముగ్గురు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఒకడు పల్లీలు తింటున్నాడు.

పైన బండి మలుపు తిరిగి, మూతి ఇటు పెట్టి ఆగింది.

“మాస్టరూ, చక్కర్లన్నారుగా?” అన్నాడు అంతోని.

“టైమ్ అయిపొయిందన్నా. ఫికర్ జెయ్యకు. నీ బిడ్డ మస్తు నడుపుతది.”

గొడుగు కింద నుంచి శేషారత్నమ్మగారు పలకరించారు. “ఏంటి నాయనా అలా చెమటలు పడుతున్నావు? ఏం భయం లేదు. చక్రాలు స్వామి పట్టుకున్నాడు.”

పట్టుకోవు. అంతోనికి తెలిసింది అదొక్కటే. ఆ ప్యాడ్లు పట్టుకోవు. బండి ఆగదు, ఆగనప్పుడు జెరూష ఏం చేస్తుందో కూడా తెలుసు. పడుకున్న కుర్రాళ్ళ మీదికి రానివ్వదు. స్టీరింగు తిప్పేసి తను గోడకు పోతుంది. అలా తిప్పమని నేర్పింది తనే.

ఈల పడింది. సైలెన్స్ అన్నారెవరో. పైన ఇంజను పొంగింది.

అంతోని నడుస్తున్నాడు. ఎప్పుడు కదిలాడో ఆయనకే తెలియదు. కెమెరా దాటి, తెల్లగీత దాటి, రోడ్డు మధ్యన ఎత్తెక్కుతున్నాడు. వెనక నుంచి అరుపులు. “ఎవడ్రా ఆయన?” “ఫ్రేములోకి వచ్చాడు!” “ముసలాయనా, చస్తావా?” రెండు చేతులూ బార్లా చాపి, పరిగెత్తలేక, వేగంగా నడుస్తూ నడుస్తూ బండి మూతి ముందు దాకా వెళ్ళాడు. పక్కకు తిరిగి తలుపు తీసి, కూతురి మోకాలి మీదుగా చెయ్యి చాపి, తాళం తిప్పేశాడు.

“నాన్నా!”

“దిగు.”

“అందరూ చూస్తున్నారు నాన్నా. ఏంటిది?”

“బ్రేకు బాలేదు. దిగు.”

కింద నుంచి వెంకటనర్సయ్య, సాయిశ్రీనివాస్ రొప్పుతూ వచ్చారు. వాళ్ళ వెనక, ఎవరు వద్దన్నా వినకుండా, ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని శేషారత్నమ్మగారు.

“ఏందన్నా గిట్ల జేస్తివి? నేనడిగినప్పుడేమో నోరు మూసుకుంటివి!”

“గాలి మిగిలిపోయింది మాస్టరూ గొట్టాల్లో,” అన్నాడు అంతోని. “నాదే తప్పు.”

ఆ అబద్ధం చాలుననుకున్నాడు. అందరికీ సరిపోతుందనుకున్నాడు.

“గాలి లేదు,” అంది జెరూష. “పొద్దున తొక్కింది నేను. గాలి ఉంటే పెడలు మెత్తగా దిగిపోతుంది. రాయిలా ఉందిది. నా పని బాలేదంటావా నాన్నా?”

అంతోని తాళం ఊడదీశాడు.

“మరేంటి చెప్పండి!” సాయిశ్రీనివాస్ వాచీ చూసుకున్నాడు. “ఉన్న కాస్త మంచి టైమూ పోయింది.”

“డిస్కులకి నూనె తగిలింది బాబూ.”

“ఎక్కడిది నూనె?”

అంతోని ఎటూ చూడలేదు. చూడకపోవడమే చూపించినట్టయింది. శేషారత్నమ్మగారు అమ్మాయి చెయ్యి వదిలేసి, తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. ఉంగరపు వేలు కొసన ఎరుపు ఇంకా ఉంది.

“నేను పెట్టిందేనా?”

“అవునమ్మా.”

“అక్కడ పెట్టకూడదా?”

“కూడదమ్మా.”

“పెడుతుంటే పక్కనే ఉన్నావుగా. ఒక్క మాట చెప్పలేకపోయావా?”

అంతోని షెడ్డులోలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూశారు. అర్థమైనట్టుంది. అర్థమయ్యాక ఆవిడ ముఖం నల్లబడింది.

“నేనేమన్నా అనుకుంటాననా? ఆయన చేతి మీదుగా ఎన్నిసార్లు అన్నం తిన్నావు మా ఇంట్లో? ఏసుప్రభువుకి మొక్కుతావు గనక వద్దంటున్నావని నేననుకుంటానా? అంత మాత్రపు మనిషినా నేను నీ కంటికి?”

“కాదమ్మా.”

“మరి? నన్ను నొప్పించకూడదని కన్నకూతుర్ని ఎక్కించావా అందులో?”

వెంకటనర్సయ్య ఈల నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. జెరూష విగ్గు తీసింది. చేత్తో పట్టుకుని చాలా నెమ్మదిగా మాట్లాడింది.

“గట్టిగుందా అని నేనడిగా. గట్టిగుందన్నావు.”

“గట్టిగానే ఉందమ్మా, పెడలు.”

“కస్టమరుకి చెప్పినట్టు చెప్పావు నాన్నా నాకు.”

అంతోనికి ఆ మాట ఎముకలో దిగింది. జెరూష విగ్గు సీటు మీద పడేసి, దూరంగా వెళ్ళి రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుంది.

“సరే, పంచాయితి ఎన్క పెట్టుకుందురు గానీ,” అన్నాడు వెంకటనర్సయ్య. “అన్నా, గిది సాఫ్ అయితదా, కాదా? గది చెప్పు ముందు.”

“ప్యాడ్లు కాల్చాలి మాస్టరూ. లోపలికి ఇంకిన నూనె మంట మీదే బయటికొస్తుంది. గట్టి మంట కావాలి.”

గట్టి మంట ఆ కొండ మీద ఒక్క చోటే ఉంది. ప్రొడక్షన్ వంటామె గుండిగ మీది మూత తీసి, అంతోనిని, ఆయన చేతిలో పట్టకారును చూసింది.

“నా పొయ్యి మీదనా? పప్పుచారు దించి మీ ఇనుప తునకలు ఏంచాల్నా? తాలింపుకు ఆవాలు గిట్ట ఏమన్న కావాల్నా?”

“ఏంచమ్మా, ఏంచు,” అన్నాడు వెంకటనర్సయ్య. “పిల్ల పానంతోటి ముచ్చట.”

ఆమె గుండిగ దించింది.

అంతోని నాలుగు చక్రాలూ విప్పాడు. ప్యాడ్లు ఒక్కొక్కటే పట్టకారుతో మంటలో పట్టాడు. కాసేపటికి వాటి ఒంటి మీద నూనె చెమటలా పైకి ఉబికి, చిటపటలాడి పొగైంది. పొగ ఆగేదాకా పట్టుకున్నాడు. ఉప్పుకాగితం పరిచి, నల్లటి పైపొర పోయి గరుకు తేలేదాకా రుద్దాడు. డిస్కులు థిన్నరుతో కడిగాడు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగాడు. శేషారత్నమ్మగారు కుర్చీ దగ్గరికి వేయించుకుని కూర్చుని మొదట్నించీ చివరిదాకా చూశారు. సాయిశ్రీనివాస్ పంతులుగారితో ఫోనులో బతిమాలి, భోజనాల తరవాత ఇంకో మంచి గడియ సంపాదించాడు.

చక్రాలు బిగించి లేచి, అంతోని తాళం జేబులో వేసుకున్నాడు. “ముందు నేను తిప్పుతా మాస్టరూ.”

జెరూష వచ్చి చెయ్యి చాపింది. ఆయన కాసేపు ఆ చేతి వంక చూసి తాళం ఇచ్చాడు. పక్క సీట్లో తను కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు.

కెమెరా పక్కకు తీసేశారు, మనుషుల్ని పంపేశారు. మొదటిసారి నెమ్మదిగా దిగారు. గోడ పెద్దదవుతూ వస్తుంటే అంతోని కుడికాలు తన వైపు లేని పెడలును నొక్కింది. బండి ఆగింది గానీ ఆలస్యంగా ఆగింది. రెండోసారి కుడికి లాగింది. మళ్ళీ ఎక్కారు. దిగారు. వాసన నువ్వులది పోయి ఇనుముది వచ్చింది. ప్రతిసారీ కొంచెం వేగం, ప్రతిసారీ ఆ గోడ. జెరూష కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు. ఎన్నిసార్లు తిరిగారో లెక్క పోయింది. ఒకసారి పైనుంచి ఆమె ఇంజను పొంగించి వదిలినప్పుడు చెవుల్లో గాలి అరిచింది. గోడలో రాళ్ళ మధ్య సున్నపు గీతలు కనిపించాయి. అప్పుడు తొక్కింది. బెల్టు అంతోని భుజాన్ని కోసేసింది. బండి ముక్కు నేలకు వంగి, పక్కకు వెంట్రుకవాసి లాగకుండా, నిలబడిపోయింది.

జెరూష కిటికీ దించింది.

“ఇప్పుడు పట్టింది మాస్టర్,” అంది బయటికి.

“శభాష్. తిన్నంక తీద్దాం,” అని వెంకటనర్సయ్య ఈల ఊదాడు.

అన్నాలు బంగళా కప్పు లేని హాల్లో వడ్డించారు. అందరూ గుంపులుగా చేరారు. అంతోని ఒక మూల బల్ల చివర కూర్చున్నాడు. చేతులు ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోలేదు. ఎర్ర జాకెట్టు మీద తువ్వాలు కప్పుకుని జెరూష పళ్ళెంతో వచ్చింది. ఖాళీలు చాలా ఉన్నాయి. కాసేపు నిలబడి, వచ్చి ఆయన పక్క కుర్చీ లాక్కుంది. శేషారత్నమ్మగారు బయట తినరని, ఇంటి నుంచి క్యారియరు వచ్చింది. ఆవిడ దాన్ని మోయించుకుని అదే బల్లకు ఎదురుగా వచ్చి కూర్చున్నారు. గిన్నెలు విప్పి, అడక్కుండానే, వంకాయకూర ఇద్దరి పళ్ళేల్లోనూ వేసి తనూ కలుపుకున్నారు.

పప్పుచారు కాస్త మాడింది. ఎవరూ ఆ మాట అనలేదు. ముగ్గురూ తలలు వంచుకుని, ఒకరినొకరు చూసుకోకుండా, మజ్జిగ దాకా తిన్నారు.